పచ్చి గోడ మీది బొమ్మ, ఎండిన గోడ మీది బొమ్మ: ఇటలీ టికెట్లు కొనేముందు

మిలాన్‌లో శాంటా మరియా డెల్లె గ్రాట్సియె చర్చిని ఆనుకుని ఒక పొడవాటి గది ఉంది, ఒకప్పుడు ఆ మఠంలోని సన్యాసులు భోంచేసిన గది. యేసు తన శిష్యులతో చేసిన చివరి భోజనం బొమ్మ, లియొనార్డో డావిన్చి ‘లాస్ట్ సప్పర్’ ఉన్నది ఆ గది గోడ మీదే. నేనూ మా అక్కా టికెట్ల కోసం రెండు నెలలు తంటాలు పడి, చివరికి ఒక మధ్యాహ్నం లోపలికి అడుగుపెట్టాం. ఇచ్చేది 15 నిమిషాలు. గుంపులో వచ్చినవాళ్లంతా లియొనార్డో గోడ వైపే తిరిగి నిలబడ్డారు, మేమూ అంతే. ఇక రెండు మూడు నిమిషాల్లో బయటికి పంపేస్తారనగా అక్క నా భుజం తట్టి, "వెనక్కి చూడవే, అక్కడ ఇంకోటి ఉంది" అంది.

వెనక గోడ నిండా యేసును శిలువ వేసిన దృశ్యం. గుర్రాలు, సైనికులు, ఏడుస్తున్న ఆడవాళ్లు, వెనకాల ఊరూ కొండలూ, అన్నీ స్పష్టంగా కనిపిస్తున్నాయి. ముఖాలు చెదరలేదు, రంగులు నిలబడ్డాయి. వేసింది జొవాన్ని దొనాటో మొంటోర్ఫానో అనే మిలాన్ చిత్రకారుడు, 1495లో. లియొనార్డో తన గోడ మీద పనిచేసింది సుమారు 1495 నుంచి 1498 దాకా. అంటే గది ఒకటే, కాలం ఒకటే, తేమ ఒకటే. 1943 ఆగస్టులో ఆ గది మీద బాంబు పడి కప్పు కూలిపోయినప్పుడు కూడా రెండు గోడలూ కలిసే ఆ దెబ్బ తిన్నాయి. అయినా ప్రపంచంలో గొప్ప చిత్రకారుడు అని అందరూ చెప్పే మనిషి వేసిన బొమ్మ పొగమంచులో ఉన్నట్టుంది, చాలామంది పేరు కూడా వినని మనిషి వేసింది నిక్షేపంగా ఉంది.

ఎందుకిలా అన్న ప్రశ్నకి జవాబు తెలుసుకున్నాక, ఆ ట్రిప్పులో మిగతా రోజులన్నీ నాకు వేరేగా కనిపించాయి. ఎక్కడ నెలల ముందే టికెట్ కొనాలి, ఎక్కడ అక్కర్లేదు, ఏ బొమ్మని అద్దం వెనక పెట్టారు, ఏది ఇంకా చర్చి చీకట్లోనే ఉంది, ఏ బొమ్మ ఇటలీ వదిలి పారిస్‌కి ఎందుకు చేరింది, ఇవన్నీ వేర్వేరు తలనొప్పులు అనుకుంటాం గానీ చాలావరకు వీటి వెనక ఉన్నది ఒకటే సంగతి. ఆ బొమ్మని దేని మీద వేశారు? పచ్చి గోడ మీదా, ఎండిన గోడ మీదా, చెక్క మీదా, గుడ్డ మీదా?

ముందు పచ్చి గోడ. ఫ్రెస్కో అంటే ఇటాలియన్‌లో తాజా అని అర్థం, మన భాషలో దానికి సరిగ్గా సరిపోయే మాట ‘పచ్చి’. గోడకి సున్నం, ఇసుక కలిపిన గార పూస్తారు. ఆ గార పచ్చిగా ఉండగానే, నీళ్లలో కలిపిన రంగుతో బొమ్మ వేసేయాలి. రంగులో జిగురు ఏమీ ఉండదు. గార ఆరేకొద్దీ అందులోని సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుని మళ్లీ సున్నపురాయిగా మారుతుంది, రంగు ఆ రాయిలో ఇరుక్కుపోతుంది. అంటే రంగు గోడ మీద ఒక పొరలా అంటుకుని ఉండదు, గోడలో భాగం అయిపోతుంది. అందుకే 500 ఏళ్లయినా అలా ఉంటుంది.

అయితే దీనికి ఒక కఠినమైన షరతు ఉంది. గార కొన్ని గంటల్లో ఆరిపోతుంది కాబట్టి, ఆ రోజు ఎంత వేయగలరో అంత మేరకే గార పూయాలి. ఆ ఒక్కరోజు ముక్కని ‘జొర్నాటా’ అంటారు, రోజు పని అని అర్థం. సాయంత్రానికి అది పూర్తి కావాల్సిందే. తప్పు పోతే గార చెక్కేసి మర్నాడు మళ్లీ పూసుకోవాలి. కొన్ని రంగులు సున్నంతో సరిగ్గా కలవవు కూడా. ముఖ్యంగా నీలం, అందులోనూ అజురైట్ అనే రాయితో చేసే నీలం, గోడ ఆరాక జిగురు కలిపి పైపూతగా వేసేవారు. పాడువా ఊళ్లో జొట్టో అనే చిత్రకారుడు 1305 ప్రాంతంలో బొమ్మలు వేసిన స్క్రొవేన్యి చాపెల్‌లో, అంటే చిన్న ప్రార్థనా మందిరంలో చూడండి, మిగతా రంగులన్నీ నిలిచి, మరియమ్మ కట్టుకున్న నీలం బట్ట మాత్రం కొన్నిచోట్ల రాలిపోయి ఉంటుంది. ఆమె ఒంటి మీద బట్ట పెచ్చులుగా లేచిపోయినట్టు కనిపిస్తే అది ఎవరో పాడుచేసింది కాదు, ఆ నీలం ఎండిన గోడ మీద వేసింది.

ఇప్పుడు లియొనార్డో దగ్గరికి వద్దాం. ఆయన రోజు లెక్కన పనిచేసే మనిషి కాదు. కొన్ని రోజులు పొద్దున్నించి చీకటిపడే దాకా కుంచె దించకుండా వేసేవాడని, కొన్ని రోజులు వచ్చి ఊరికే గంటలకొద్దీ చూస్తూ నిలబడి ఒకటి రెండు గీతలు దిద్ది వెళ్లిపోయేవాడని అప్పట్లో కళ్లారా చూసినవాళ్లు రాసిపెట్టారు. నీడ మీద నీడ పలచగా వేసుకుంటూ, నచ్చకపోతే మార్చుకుంటూ పోయే పద్ధతి ఆయనది. పచ్చి గోడ అందుకు ఒప్పుకోదు. అందుకని ఎండిన గోడ మీద ఒక తెల్లటి పూత పూసి, దాని మీద చెక్క మీద వేసినట్టే నూనె, గుడ్డు కలిపిన రంగులతో వేశాడు. వేసిన రోజుల్లో అది చూసినవాళ్లకి మతి పోయి ఉంటుంది. కానీ గోడలో తేమ ఊరుకోలేదు. ఆయన బతికుండగానే రంగు లేవడం మొదలైంది. పదహారో శతాబ్దం మధ్యకొచ్చేసరికి మరకలు తప్ప ఏమీ కనిపించట్లేదని రాశారు. 1652లో సన్యాసులు ఆ గోడ మధ్యలో తలుపు కోసం కన్నం కొట్టారు, దాంతో యేసు పాదాలు పోయాయి. తర్వాత రెండు శతాబ్దాల్లో బాగుచేస్తామని వచ్చినవాళ్లు ఒకరి రంగుల మీద ఒకరు రంగులు పూశారు. 1978లో పినిన్ బ్రంబిల్లా బార్చిలోన్ అనే ఆవిడ ఆ పైపూతలు తీయడం మొదలుపెట్టి, 1999లో పూర్తిచేశారు. 4 ఏళ్లలోపు వేసిన బొమ్మని శుభ్రం చేయడానికి 20 ఏళ్లకి పైగా పట్టింది. లియొనార్డో చేతి రంగు ఎక్కడ మిగిలిందో అక్కడ దాన్ని వదిలేసి, పోయినచోట లేత నీటిరంగు నింపారు.

15 నిమిషాల లెక్క ఇక్కడే పుట్టింది. మనం పీల్చి వదిలే గాలిలో తేమ, బట్టల మీద దుమ్ము, ఒంటి వేడి, ఆ గోడకి ఇవన్నీ శత్రువులే. అందుకే ఒక అద్దాల తలుపు దాటి, అది మూసుకున్నాక ఇంకోటి తెరుచుకునే దాకా ఆగి, చిన్న గుంపులుగా లోపలికి పంపుతారు. బయట నిలబడినప్పుడు ఈ హడావుడి అంతా టూరిస్టులని సతాయించడానికే అన్నంత కోపం వచ్చింది నాకు, లోపల ఆ గోడ చూశాక ఆ కోపం నిలవలేదు.

ఆ గదిలో ఇంకొక చిన్న సంగతి ఉంది, అది చూడకుండా రావొద్దు. వెనక గోడ మీద మొంటోర్ఫానో బొమ్మ కింది భాగంలో, రెండు చివర్లా మోకరిల్లిన మనుషుల ఆకారాలు లీలగా కనిపిస్తాయి. అప్పటి మిలాన్ పాలకుడు లుదొవికో స్ఫోర్జా, ఆయన భార్య, పిల్లలు. లియొనార్డో చేత ‘లాస్ట్ సప్పర్’ వేయించినది ఆయనే, అందుకే తన కుటుంబాన్ని కూడా గోడ మీద పెట్టించుకున్నాడు. ఆ ఆకారాలు లియొనార్డో చేర్చినవని చెబుతారు. అప్పటికే ఆరిపోయిన ఫ్రెస్కో మీద పైపూతగా వేశారు కాబట్టి, ఇప్పుడు నీడల్లా మిగిలాయి. ఒకే గోడ మీద, ఒకదాని పక్కన ఒకటి, పచ్చిగా ఉన్నప్పుడు వేసింది నిలిచి, ఎండాక వేసింది పోయి, పాఠం చెప్పినట్టు ఉంటుంది.

15 నిమిషాలు ఎలా వాడుకోవాలో కూడా చెప్పేస్తాను, ఎందుకంటే మేం మొదటి 5 నిమిషాలు వృథా చేసుకున్నాం. లోపలికి వెళ్లగానే అందరూ ముందుకి పరుగెడతారు. మీరు వెనక్కి వెళ్లండి. దూరం నుంచి చూస్తే బొమ్మలోని గది మనం నిలబడ్డ గదికి కొనసాగింపులా కనిపిస్తుంది, దాని కోసమే అలా వేశాడు. బొమ్మలో వెలుగు ఎడమ వైపు నుంచి పడుతుంది, అసలు గదిలో కిటికీలు ఉన్నదీ ఆ వైపే. పైకప్పు గీతలన్నీ కళ్లతోనే పట్టుకుని వెళ్లండి, అవి యేసు కణత దగ్గర కలుస్తాయి, అక్కడ లియొనార్డో మేకు దిగ్గొట్టి గీతలు సరిచూసుకున్న చిన్న గుర్తు దొరికింది. ఆ తర్వాత దగ్గరికి వెళ్లి చేతులు మాత్రమే చూడండి, 13 మంది చేతులు. "మీలో ఒకడు నన్ను పట్టిస్తాడు" అన్న మాట విన్న క్షణం అది. ముఖాలు చాలావరకు చెరిగిపోయినా, ఒక్కొక్కరు ఆ మాటని ఎలా తీసుకున్నారో చేతుల్లో ఇంకా ఉంది. చివరి 3 నిమిషాలు వెనక గోడకి ఇవ్వండి.

టికెట్ సంగతి. కొన్ని నెలల టికెట్లు ఒకేసారి విడుదల చేస్తారు, తెరిచిన రోజే కూర్చుని కొనుక్కోవాలి, మన తిరుమల 300 రూపాయల దర్శనం టికెట్ల కోసం కూర్చున్నట్టే. సోమవారం సెలవు. మేం టికెట్లు తెరిచే తేదీ పట్టించుకోక, తర్వాత కంగారుపడి మధ్యవర్తి వెబ్‌సైట్ ఒకదానిలో మూడు రెట్లు కట్టాం. గైడు ఉంటాడన్నారు, వచ్చిన గైడు గది బయట 40 నిమిషాలు మాట్లాడి లోపల ఒక్క ముక్క చెప్పలేదు. మ్యూజియం సొంత వెబ్‌సైట్ ఏదో ముందే సరిచూసుకుని అందులోనే కొనండి. పాడువా స్క్రొవేన్యి చాపెల్‌కీ ఇదే పద్ధతి, ముందుగా ఒక గదిలో 15 నిమిషాలు కూర్చోబెట్టి గాలి కుదుటపడ్డాకే లోపలికి వదులుతారు.

ఇక రోమ్. వాటికన్ మ్యూజియాల్లో చివర వచ్చే సిస్టీన్ చాపెల్ పైకప్పు పచ్చి గోడ పని. 1508 నుంచి 1512 దాకా మైకెలాంజెలో వేశాడు, సుమారు 20 మీటర్ల ఎత్తున. ఆయన పడుకుని వేశాడని అందరూ అంటారు గానీ, నిలబడి మెడ వెనక్కి విరిచి వేశాడు. ఆ బాధ మీద ఒక పద్యం రాసుకుని, పక్కన పైకి చెయ్యెత్తి నిలబడ్డ తన బొమ్మ కూడా గీసుకున్నాడు. లేపాక్షిలో వీరభద్రస్వామి గుడి మండపం కప్పు మీది బొమ్మలు చూసినవాళ్లకి ఈ మెడనొప్పి బాగా తెలుసు. అవి కూడా ఆ శతాబ్దపు మొదటి సగంలోవే.

పచ్చి గోడ గట్టిది, ఇక్కడ 15 నిమిషాల గడియారం లేదు. ఏడాదికి 60 లక్షల మందికి పైగా వాటికన్ మ్యూజియాలకి వస్తారు, దాదాపు అందరూ ఆ ఒక్క గదికి చేరతారు, అయినా ఎంతసేపు నిలబడినా ఎవరూ లెక్కపెట్టరు. గట్టిది అంటే ఏమీ కాదని కాదు. వందల ఏళ్ల కొవ్వొత్తి మసి, పాతకాలంలో మెరుపు కోసం పూసిన జిగురు కలిసి ఆ కప్పంతా నల్లబడిపోయింది. 1980లో శుభ్రం చేయడం మొదలుపెట్టి 1994కి పూజాపీఠం వెనక గోడతో సహా పూర్తిచేశారు. దానికి డబ్బు పెట్టింది జపాన్ టీవీ సంస్థ ఒకటి, బదులుగా ఫొటోల హక్కు తీసుకుంది. ఇప్పటికీ లోపల ఫొటోలు తీయనివ్వకపోవడానికి మొదలు అక్కడ ఉంది. ఆ హక్కుల గడువు ఎప్పుడో అయిపోయినా నిషేధం ఉండిపోయింది. నాకు మాత్రం అది మంచిదే అనిపించింది, ఫోన్లు లేని జనం పైకే చూస్తారు. శుభ్రం చేసినప్పుడు అంతకుముందు ఎంత నలుపు ఉండేదో తెలియడానికి అక్కడక్కడ చిన్న చిన్న నల్లటి చతురస్రాలు అలాగే వదిలేశారు, వెతికితే కనిపిస్తాయి.

సిస్టీన్‌లో నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది అనిపించిన సంగతి ఇది. టూరిస్టులని లోపలికి వదిలేది పూజాపీఠం ఉన్న గోడలోని చిన్న తలుపు నుంచి. ఆ గది కట్టినవాళ్లు అనుకున్న ప్రధాన ద్వారం ఎదురు చివర ఉంది. అంటే మనం తప్పు వైపు నుంచి వస్తున్నాం. పైకప్పు మధ్యలోని 9 దృశ్యాల్లో, అసలు ద్వారం దగ్గర నోవహు కథ ఉంటుంది, పూజాపీఠం దగ్గర సృష్టి మొదలు ఉంటుంది. మైకెలాంజెలో పని మొదలుపెట్టింది నోవహు వైపు నుంచి. జలప్రళయం దృశ్యంలో చిన్న చిన్న మనుషులు బోలెడంతమంది, కింద నుంచి చూస్తే ఎవరు ఎవరో తెలియదు. సగం అయ్యాక పరంజా విప్పి మొదటిసారి కింద నుంచి చూసుకున్నాడు. ఆ తర్వాత మనుషుల సంఖ్య తగ్గిపోయింది, ఒక్కొక్కరి ఆకారం పెరిగిపోయింది. దేవుడి వేలు, ఆదాము వేలు దాదాపు తాకుతున్న ఆ ప్రసిద్ధమైన దృశ్యం ఈ రెండో సగంలోది. చిట్టచివర, పూజాపీఠం పైన, వెలుగునీ చీకటినీ విడదీస్తున్న దేవుడి ఆకారం మొత్తం ఒక్కటే జొర్నాటా, ఒక్క పగటి పని. అంటే 4 ఏళ్లలో ఒక మనిషి పని నేర్చుకుంటూ ఎలా ధైర్యం తెచ్చుకున్నాడో ఆ కప్పు మీదే వరసగా రాసి ఉంది, దాన్ని చదవాలంటే లోపలికి రాగానే జనాన్ని తప్పించుకుని ఎదురు చివరకి వెళ్లి, వెనక్కి తిరిగి, అక్కడి నుంచి మెల్లగా పూజాపీఠం వైపు నడవాలి. చేతిలో చిన్న బైనాక్యులర్స్ ఉంటే ఇంకా మంచిది, మా అక్క తన కొడుకు ఆట బైనాక్యులర్స్ తెచ్చుకుంది, అవి చాలు.

పైకప్పు మోజులో పక్క గోడలని ఎవరూ చూడరు, అదొక బాధ. మైకెలాంజెలో రావడానికి పాతికేళ్ల ముందే, 1481, 1482లలో బొత్తిచెల్లి, పెరుజీనో, గిర్లండాయో లాంటివాళ్లు ఆ గోడల మీద వేసినవి అలాగే ఉన్నాయి. బొత్తిచెల్లి వేసినవి వేరే ఊళ్లో ఉండి ఉంటే ఆ ఒక్క గోడ కోసం క్యూ కట్టేవాళ్లం.

సిస్టీన్‌కి ముందు దారిలో రాఫెల్ అనే చిత్రకారుడి బొమ్మలున్న గదులు వస్తాయి, చాలామంది చాపెల్ దొరకదేమో అన్న టెన్షన్‌లో వాటిని దాటేసి పరుగెడతారు. అక్కడ గ్రీకు తత్వవేత్తలని ఒకచోట చేర్చి వేసిన ‘స్కూల్ ఆఫ్ ఏథెన్స్’ దగ్గర 10 నిమిషాలు ఆగండి. అందులో ముందు వైపు, మెట్ల దగ్గర, ఒక రాతిదిమ్మ మీద మోచెయ్యి ఆనించి తల పట్టుకుని కూర్చున్న మనిషి ఉంటాడు, మిగతావాళ్లంతా గ్రీకు బట్టల్లో ఉంటే ఇతను మోకాళ్ల దాకా తోలు బూట్లు వేసుకుని ఉంటాడు. అతను మైకెలాంజెలో పోలికలతో ఉన్నాడని అంటారు. ఆ బొమ్మకి రాఫెల్ వేసుకున్న అసలు నమూనా, గోడంత కాగితం, మిలాన్‌లోని అంబ్రోజియానా మ్యూజియంలో ఉంది, మేం రెండు రోజుల ముందే చూసి వచ్చాం. అందులో ఈ మనిషి లేడు! గోడని పరీక్షించినవాళ్లకి ఆ మనిషి చుట్టూ వేరే గార అతుకు కనిపించింది. అంటే బొమ్మ వేశాక, ఆ మేరకు ఆరిన గార చెక్కేసి, కొత్తగా పచ్చి గార పూసి, అతన్ని తర్వాత చేర్చారు. రోజు లెక్కన వేసే పద్ధతి కాబట్టే 500 ఏళ్ల తర్వాత కూడా ఈ సంగతి గోడ చెబుతోంది.

వెనిస్‌కి వచ్చేసరికి కథ తిరగబడుతుంది. ఉప్పునీళ్ల మధ్య ఉన్న ఊరు, గోడల్లోకి ఎప్పుడూ తేమ, ఉప్పు ఎక్కుతూనే ఉంటాయి. ఎంత గొప్ప ఫ్రెస్కో అయినా అక్కడ నిలవదు. 1508లో జొర్జొనే, కుర్రవాడైన టిషియన్ కలిసి అక్కడి జర్మన్ వర్తకుల భవనం బయటి గోడలన్నీ ఫ్రెస్కోలతో నింపారు, ఇప్పుడు వాటిలో మిగిలింది మ్యూజియంలో దాచిన కొన్ని చెదిరిన ముక్కలు. అందుకే వెనిస్ చిత్రకారులు గోడని వదిలి గుడ్డ పట్టుకున్నారు. ఓడల ఊరు కదా, తెరచాపల గుడ్డకి లోటు లేదు. గుడ్డ మీద నూనె రంగుతో ఎంత పెద్ద బొమ్మయినా వేయొచ్చు, చుట్టి మోసుకెళ్లొచ్చు.

మోసుకెళ్లొచ్చు అన్న ఆ ఒక్క సౌకర్యమే వెనిస్ కొంప ముంచింది. వెరొనేసే 1563లో శాన్ జొర్జొ మజొరె మఠం భోజనశాల కోసం ‘కానా ఊరి పెళ్లి’ వేశాడు, 10 మీటర్ల వెడల్పు, దాదాపు 7 మీటర్ల ఎత్తు. 1797లో నెపోలియన్ సైన్యం దాన్ని గోడ నుంచి దించి పారిస్ తీసుకుపోయింది. మళ్లీ కదిపితే పాడైపోతుందని చెప్పి తిరిగి ఇవ్వలేదు. ఇప్పుడది అక్కడి లూవ్ర్ మ్యూజియంలో మోనాలిసాకి సరిగ్గా ఎదురుగా ఉంది. ఆ గదిలోకి వచ్చినవాళ్లలో ఎక్కువమంది దానికి వీపు పెట్టి నిలబడతారు, మిలాన్‌లో మేం నిలబడ్డట్టే. వెనిస్‌లో దాని అసలు గదిలో 2007లో అంత పరిమాణంలోనే ఒక నకలు పెట్టారు. నకలే అయినా, ఆ గదిలో, ఆ కిటికీల వెలుగులో చూస్తే ఆ బొమ్మ ఎందుకు అంత పెద్దదో, అంతమంది పెళ్లివాళ్లు ఎందుకో అర్థమవుతుంది. సన్యాసులు మౌనంగా భోంచేస్తుంటే, వాళ్ల తలల పైన నిండు పందిట్లో విందు జరుగుతున్నట్టు ఉండాలని వేసింది అది. అసలుదాని దగ్గర కలగనిది నకలు దగ్గర కలగడం నాకే వింతగా అనిపించింది, కానీ నిజం.

ఇక చెక్క. మోనాలిసా పోప్లర్ చెక్క మీద వేసింది, 77 సెంటీమీటర్ల ఎత్తు, 53 వెడల్పు. చెక్క తేమకి ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుంటుంది, వంగుతుంది. మోనాలిసా చెక్కకి పైనుంచి ఒక పాత పగులు కూడా ఉంది. అందుకే తేమ, వేడి కొలిచి ఉంచే పెట్టెలో, మందపాటి అద్దం వెనక ఉంటుంది. 1911లో లూవ్ర్‌లో పనిచేసిన ఒక ఇటాలియన్ దాన్ని గోడ నుంచి తీసి పట్టుకుపోగలిగాడంటే కూడా కారణం అదే, చెక్కముక్క చంకలో పట్టేంత చిన్నది. రెండేళ్లకి ఫ్లోరెన్స్‌లో దొరికింది. అప్పటికే పత్రికల పుణ్యమా అని ప్రపంచమంతా ఆ ముఖం తెలిసిపోయింది. ఇప్పుడు క్యూలో నిలబడి దగ్గరికి వెళ్తే, రెండు క్షణాలు కనిపిస్తుంది, వెనకవాళ్లు తోసుకొస్తారు, "జరగండి జరగండి" ఒక్కటే తక్కువ. నా అభిప్రాయం సూటిగా చెప్తాను. లియొనార్డో చెక్క మీద ఎలా వేసేవాడో చూడాలంటే అదే మ్యూజియంలో ఆ గది బయట, పొడవాటి గ్యాలరీలో ఆయనవే వేరే బొమ్మలు ఉన్నాయి. అక్కడ జనం పలచగా ఉంటారు, కావలసినంతసేపు నిలబడొచ్చు. మోనాలిసా కోసం గంట కేటాయిస్తే, అందులో 40 నిమిషాలు వాటికి పెట్టండి.

చెక్క, గుడ్డ బొమ్మలు ఎక్కడికైనా వెళ్లగలవు కాబట్టి అవే అమ్ముడుపోయాయి, దోపిడీ అయ్యాయి, ముక్కలయ్యాయి. ఉచ్చెల్లో అనే చిత్రకారుడు శాన్ రొమానో యుద్ధం మీద చెక్క పలకలపై వేసిన మూడు బొమ్మలు ఇప్పుడు ఫ్లోరెన్స్, లండన్, పారిస్‌లలో ఒక్కొక్కటి ఉన్నాయి. గోడ బొమ్మ కదలదు. దాన్ని చూడాలంటే మనమే వెళ్లాలి, అది పుట్టిన గదికే వెళ్లాలి. ఇటలీ దాకా వెళ్లడానికి నా దృష్టిలో అసలు కారణం ఇదే. చెక్క, గుడ్డ బొమ్మల్లో మంచివి లండన్‌లోనో వాషింగ్టన్‌లోనో కూడా చూడొచ్చు, అమెరికాలో ఉన్న మనవాళ్లకి విమానం ఖర్చు కూడా అక్కర్లేదు. గోడ ఇంకెక్కడా దొరకదు.

వెనిస్‌లో ఫ్రారీ చర్చికి మాత్రం మినహాయింపు ఇవ్వాలి. టిషియన్ 1518లో పూర్తిచేసిన మరియమ్మ స్వర్గారోహణం, చెక్క పలకల మీద దాదాపు 7 మీటర్ల బొమ్మ, మధ్యలో ఒక వందేళ్లు మ్యూజియంలో ఉండి మళ్లీ తన పూజాపీఠం మీదికి తిరిగొచ్చింది. చర్చి తలుపు దగ్గర నిలబడితే, గాయకులు కూర్చునే చోటికి అడ్డంగా ఉన్న గోడ వంపులోంచి మరియమ్మ ఎర్రటి బట్ట సరిగ్గా చట్రం కట్టినట్టు కనిపిస్తుంది. ఆ దూరం, ఆ వంపు లెక్కలోకి తీసుకునే వేశాడు. మ్యూజియం గోడ మీద ఈ లెక్క మొత్తం పోతుంది.

చర్చిల్లో చూసేవాళ్లకి రెండు మాటలు. జేబులో చిల్లర యూరోలు ఉంచుకోండి, చాలాచోట్ల బొమ్మ పక్కన చిన్న డబ్బా ఉంటుంది, నాణెం వేస్తే లైటు వెలుగుతుంది, కాసేపటికి టక్కున ఆరిపోతుంది. ఆరాక వెంటనే ఇంకో నాణెం వేయకుండా అర నిమిషం చీకట్లో చూడండి, కొవ్వొత్తి వెలుగులో ఆ బొమ్మని చూసినవాళ్లకి ఎలా ఉండేదో కొంచెం తెలుస్తుంది. మధ్యాహ్నం చాలా చర్చిలు మూసేస్తారు, ఆదివారం ప్రార్థన వేళ తిరగనివ్వరు. భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి, మనవాళ్లకి అది కొత్తేమీ కాదు.

చివరగా ఫ్లోరెన్స్. ఉఫీజీ, అకాడెమియా మ్యూజియాల టికెట్లు ముందే కొనుక్కోండి, రెండూ సోమవారం సెలవు, వాటి గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను చెప్పేది వాటికి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న రెండు మఠాల గురించి. శాన్ మార్కోలో మెట్లెక్కి మలుపు తిరగగానే ఎదురుగా ఫ్రా ఆంజెలికో వేసిన దేవదూత, మరియమ్మ కనిపిస్తారు. పైన వరసగా చిన్న గదులు, ఒక్కో గదిలో ఒక కిటికీ, ఒక ఫ్రెస్కో, అంతే. ఆ గదిలో ఉండే సన్యాసికి జీవితాంతం చూసుకోవడానికి ఆ ఒక్క బొమ్మ.

రెండోది శాంటపొల్లోనియా. ఉచితం, ఉదయం పూట వెళ్లాలి, వేళలు ముందే సరిచూసుకోండి. ఇది సన్యాసినుల మఠం. బయటివాళ్లని రానిచ్చేవారు కాదు కాబట్టి, వాళ్ల భోజనశాలలో అండ్రేయా డెల్ కస్తాన్యో 1447లో వేసిన లాస్ట్ సప్పర్ పంతొమ్మిదో శతాబ్దంలో మఠం మూతపడే దాకా ఊరికి తెలియనే తెలియదు. పచ్చి గోడ మీద వేసింది. లియొనార్డో కన్నా 50 ఏళ్ల ముందుది. మేం వెళ్లిన పొద్దున లోపల మేమిద్దరం, తలుపు దగ్గర కుర్చీలో ఒక ఉద్యోగి, అంతే. 15 నిమిషాల లెక్క లేదు, అద్దం తలుపులు లేవు. బల్లకి అవతల వైపు అందరూ వరసగా కూర్చుంటే, ఇవతల వైపు యేసుని పట్టించిన యూదా ఒక్కడే మనకి దగ్గరగా, విడిగా కూర్చుని ఉంటాడు, లియొనార్డో తర్వాత ఇతన్ని కూడా మిగతావాళ్లలో కలిపేశాడు. వెనక గోడకి చలువరాతి పలకలు వేసినట్టు చిత్రించాడు, అన్నీ నిదానంగా ఉన్న రంగులు. సరిగ్గా యేసు, యూదా, పేతురు తలల పైన ఉన్న పలకలో మాత్రం చారలు మంటలా, మెరుపులా చెలరేగిపోయి ఉంటాయి. బల్ల దగ్గర ఒక్కరూ నోరు మెదపలేదు, ఆ రాయి మాత్రం కేక పెట్టినట్టుంది. మా అక్క అక్కడున్న బెంచీ మీద కూర్చుండిపోయింది, మధ్యాహ్నం మూసేసే వేళకి ఆ ఉద్యోగి వచ్చి మెల్లగా చెప్పే దాకా లేవలేదు.